కారు రీకాల్: కబురు అందితేనే నమ్మకం నిలుస్తుంది

రాయ్‌పూర్: మారుతి సుజుకి 2025 నవంబరులో 39,506 గ్రాండ్ విటారా కార్లను వెనక్కి పిలిపించింది. 2024 డిసెంబరు 9 నుంచి 2025 ఏప్రిల్ 29 మధ్య తయారైన ఆ కార్లలో ఇంధన మట్టాన్ని చూపే సూచిక, హెచ్చరిక దీపం వాస్తవ స్థితిని చూపకపోవచ్చునని సంస్థ వెల్లడించింది. సంబంధిత భాగాన్ని ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. వార్త ఒకటి రెండు రోజులు పత్రికల్లో, వెబ్‌సైట్లలో కనిపించి మరుగున పడింది. కారు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఆ వ్యక్తికి ఆ కబురు అందిందా, అంది ఉంటే వారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లారా అన్న అసలు ప్రశ్న మాత్రం ప్రతి రీకాల్ తర్వాతా మిగిలిపోతోంది.

వాహన రంగంలో ఇటువంటి ప్రకటనలు ఇప్పుడు అరుదేమీ కాదు. భారతీయ వాహన తయారీదారుల సంఘం (సియామ్) 2012 జులైలో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని తెచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రీకాల్‌కు తొలిసారి చట్టబద్ధత కల్పించింది. లోపం బయటపడితే కొనుగోలుదారులు తరలిపోతారన్న భయం వాహన సంస్థల్లో మొదటి నుంచీ ఉన్నదే. ఇన్నేళ్ల అనుభవం ఆ భయాన్ని పూర్తిగా సమర్థించడం లేదు. యంత్రానికి లోపం రావచ్చునని కొనేవారికీ తెలుసు. ఆ సంగతి తమకు ఎవరు చెప్పారు, ఎంత త్వరగా చెప్పారు, ఏ మాటల్లో చెప్పారన్నదాన్ని బట్టే వారు మళ్లీ అదే సంస్థ గడప తొక్కాలా వద్దా అని తేల్చుకుంటున్నారు.

తెలుగు నేలపై జరిగిన రెండు ఉదంతాలు ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతాయి. ఒకటి పెనుకొండలో తయారయ్యే కియా కార్లది, రెండోది నిజామాబాద్‌లో ప్రాణం తీసిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీది. రెండో ఉదంతంలో తలెత్తిన చిక్కు ఆ ఊరితో ఆగలేదు. ఒక రాష్ట్రంలో కొన్న వాహనం చేతులు మారి మరో రాష్ట్రానికి, ఉదాహరణకు రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి కాలనీకి చేరినప్పుడు ఆ చిక్కు మరింత బిగుసుకుంటుంది.

మాటలోనే మెలిక

'రీకాల్' అన్న మాటను తెలుగు పత్రికలు 'వెనక్కి పిలిపించడం', 'వెనక్కి రప్పించడం' అని రాస్తున్నాయి. రాయ్‌పూర్ హిందీ పత్రికల్లో 'వాపస్ బులానా' అన్న మాట కనిపిస్తుంది. తొలిసారి వినేవారికి ఈ మాటలు తప్పుదోవ చూపే అవకాశం ఉంది. సంస్థ కారును తిరిగి తీసుకుని డబ్బు ఇచ్చేస్తుందేమోనని కొందరు ఆశపడతారు. కారు ఇక పనికిరాదేమోనని మరికొందరు కంగారుపడతారు. నిజానికి ఎక్కువ సందర్భాల్లో జరిగేది చిన్న పనే. యజమాని కారును అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తాడు. అక్కడ తనిఖీ చేసి, అవసరమైతే భాగాన్ని మారుస్తారు లేదా సాఫ్ట్‌వేర్‌ను సరిచేస్తారు. ఖర్చు సంస్థదే.

కొన్ని సంస్థలు ఆ మాట పలకడానికే వెనకాడతాయి. దానికి బదులు 'సర్వీస్ క్యాంపెయిన్' అనో, 'ఉచిత తనిఖీ' అనో, 'అప్‌గ్రేడ్' అనో చెబుతాయి. వినడానికి సౌమ్యంగా ఉండే ఈ పదాలు ప్రమాద తీవ్రతను కప్పిపెడతాయి. ఉచిత తనిఖీ అంటే వీలున్నప్పుడు వెళ్లవచ్చునని యజమాని అనుకుంటాడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చునని చెబితే వచ్చే ఆదివారం దాకా కూడా ఆగడు. ఈ తేడాను కొనుగోలుదారు తర్వాతనైనా గుర్తిస్తాడు. తన భద్రతకు సంబంధించిన విషయాన్ని తనకే మెత్తటి మాటల్లో చుట్టి చెప్పారని తెలిసిన రోజున, లోపం వల్ల కలిగిన అసంతృప్తి కన్నా ఆ దాపరికం వల్ల కలిగిన కోపమే ఎక్కువ కాలం మిగులుతుంది.

పెనుకొండ అనుభవం

కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ ప్రాంతం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. దాదాపు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో రూపొందిన ఈ కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్, 2022 ఫిబ్రవరిలో కారెన్స్ మార్కెట్లోకి వచ్చాయి. కరవు సీమగా పేరుపడిన ప్రాంతంలో తయారైన కారు దేశమంతటా తిరుగుతోందన్న సంతోషం స్థానికంగా ఉండేది.

కారెన్స్ వచ్చి ఏడాది తిరగకముందే, 2022 అక్టోబరులో, కియా 44,174 కారెన్స్ కార్లకు రీకాల్ ప్రకటించింది. ఎయిర్‌బ్యాగ్‌లను నియంత్రించే మాడ్యూల్‌లోని సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందేమో తనిఖీ చేసి, అవసరమైతే ఉచితంగా సరిచేస్తామని తెలిపింది. 2023 జూన్‌లో మరో 30,297 కారెన్స్ కార్ల వంతు వచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి మధ్య తయారైన ఆ కార్లలో, స్టార్ట్ చేసినప్పుడు స్టీరింగ్ ముందున్న సమాచార ఫలకం ఖాళీగా ఉండిపోయే అవకాశం ఉందని సంస్థ గుర్తించింది. 2024 ఫిబ్రవరిలో 4,358 సెల్టోస్ కార్లను ఆటోమేటిక్ గేర్ వ్యవస్థలోని ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కంట్రోలర్ కోసం పిలిపించింది. అదే నెలలో, అదే భాగం కోసం, సోదర సంస్థ హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా కార్లకు రీకాల్ ప్రకటించింది.

ఒకే మోడల్‌కు ఎనిమిది నెలల వ్యవధిలో రెండు రీకాల్‌లు రావడం ఏ సంస్థకైనా ఇబ్బందికరమే. అయినా కారెన్స్‌కు కొనుగోలుదారులు దూరం కాలేదు. 2025 తొలి నెలల నాటికి దాని అమ్మకాలు 2 లక్షలు దాటాయి. మూడు వరసల సీట్ల కుటుంబ కార్లకు ఉన్న గిరాకీ, ధర, ఆ తరగతిలో పోటీ తక్కువగా ఉండటం ఇందుకు తోడ్పడ్డాయి. రీకాల్ వల్లనే అమ్మకాలు పెరిగాయని ఎవరూ అనలేరు. కొనుగోలుదారుల నిర్ణయానికి రీకాల్ అడ్డు కాలేదని మాత్రం చెప్పవచ్చు. ఏ భాగంలో లోపం ఉండవచ్చునో, ఏ తేదీల మధ్య తయారైన కార్లకు తనిఖీ అవసరమో, ఖర్చు ఎవరిదో ప్రకటనల్లో తెలియజేస్తే యజమానికి తన కారు ఆ జాబితాలో ఉందో లేదో తేల్చుకోవడం సులువవుతుంది. మహీంద్రా 2023 ఆగస్టులో వైరింగ్ తనిఖీ కోసం 1,08,306 ఎక్స్‌యూవీ 700 కార్లను పిలిపించినప్పుడు కూడా తయారీ తేదీలతో సహా వివరాలు వెల్లడించింది. ఆ కారుకూ గిరాకీ పడిపోలేదు.

నిజామాబాద్ ఘటన చెప్పేది

విద్యుత్ ద్విచక్ర వాహనాల విషయంలో చరిత్ర వేరుగా నడిచింది. 2022 వేసవిలో దేశవ్యాప్తంగా విద్యుత్ స్కూటర్లకు మంటలంటుకున్న ఘటనలు వరసగా జరిగాయి. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు మరణించారు. అది హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ సంస్థ వాహనం. రోజుల వ్యవధిలోనే విజయవాడలో మరో సంస్థ స్కూటర్ బ్యాటరీ పడకగదిలో పేలి ఒక వ్యక్తి ప్రాణాలు కోల్పోయారు. ఆ స్కూటర్‌ను ఆ కుటుంబం అంతకుముందు రోజే కొన్నది.

నిజామాబాద్ ఘటన తర్వాత ప్యూర్ ఈవీ విచారం వ్యక్తం చేసింది. అధికారులకు సహకరిస్తున్నామని తెలిపింది. దానితోపాటు మరో మాట చెప్పింది. ఆ వినియోగదారు పేరిట వాహనం అమ్మినట్లు గానీ సర్వీస్ చేసినట్లు గానీ తమ రికార్డుల్లో లేదని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారేమో పరిశీలిస్తున్నామని వివరించింది. ఆ మరునాటి పరిణామాల్లో భాగంగా ఇట్రాన్స్ ప్లస్, ఇప్లూటో 7జీ మోడళ్లకు చెందిన 2,000 వాహనాలకు రీకాల్ ప్రకటించింది. అంతకు కొద్ది రోజుల ముందు ఒకినావా సంస్థ 3,215 ప్రెయిజ్ ప్రో స్కూటర్లను, ఆ వెంటనే ఓలా ఎలక్ట్రిక్ 1,441 స్కూటర్లను పిలిపించాయి. మూడూ కలిపి 6,656 వాహనాలు. కేంద్ర రహదారి రవాణా మంత్రి నితిన్ గడ్కరీ నిర్లక్ష్యం చేసిన సంస్థలకు భారీ జరిమానా తప్పదని, లోపాలున్న వాహనాలను ముందే పిలిపించాలని అదే సమయంలో హెచ్చరించారు.

సంస్థ రికార్డుల్లో పేరు లేదన్న మాటను సాంకేతిక వివరణగా తీసుకోవచ్చు. బాధిత కుటుంబం చెవికి మాత్రం అది వేరే విధంగా వినిపిస్తుంది. అంతకు మించి, ఆ మాట రీకాల్ వ్యవస్థలోని పెద్ద లోపాన్ని బయటపెట్టింది. పేలుడుకు ముందే ఆ బ్యాచ్‌కు రీకాల్ ప్రకటించి ఉన్నా, రికార్డుల్లో లేని వినియోగదారుకు కబురు ఏ దారిన చేరేది? సంస్థ దగ్గర ఉండేది తొలి కొనుగోలుదారు ఫోన్ నంబరు, చిరునామా. వాహనం చేతులు మారిన క్షణం నుంచి ఆ రెండూ చెల్లని చీటీలే.

ప్రాణాలు పోయాక వచ్చిన రీకాల్‌కు, పోకముందు వచ్చిన రీకాల్‌కు కొనుగోలుదారు దృష్టిలో పోలికే ఉండదు. రెండోది జాగ్రత్తగా, మొదటిది ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్లుగా కనిపిస్తుంది. 2022 మే నెలలో విద్యుత్ ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్లు ఏప్రిల్ కన్నా తగ్గాయి. తగ్గుదలకు ఇతర కారణాలూ ఉన్నప్పటికీ, ఇంట్లో చార్జింగ్ పెట్టాలంటే భయపడే పరిస్థితి ఏర్పడింది. దాని ప్రభావం తప్పు చేయని సంస్థలపైనా పడింది. తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినతరం చేసి 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలు చేసింది.

ఓలా ఎలక్ట్రిక్ ఉదంతం దీనికి కొనసాగింపు. 2023 మార్చిలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరుగుతోందన్న ఫిర్యాదులు వచ్చినప్పుడు సంస్థ రీకాల్ ప్రకటించలేదు. ఆందోళన అక్కర్లేదంటూనే కొత్త ఫోర్కుకు ఉచిత 'అప్‌గ్రేడ్' ఇస్తామన్నది. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) ఓలాకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఏడాదిలో ఓలాపై 10,644 ఫిర్యాదులు అందడం అందుకు నేపథ్యం. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని సంస్థ చెప్పుకొంది. ఆ విభాగంలో అగ్రస్థానంలో ఉన్న ఓలాను 2025లో టీవీఎస్, బజాజ్ దాటి వెళ్లాయి. కొనుగోలుదారులు చేయి మారడానికి ఏ ఒక్క లోపమో కారణమని చెప్పలేం. అమ్మే రోజున పలికినంత చురుగ్గా అమ్మిన తర్వాత పలకని సంస్థపై అసంతృప్తి పేరుకుపోవడం సహజమన్నది మాత్రం ఈ ఫిర్యాదుల సంఖ్యే చెబుతోంది.

నానో నుంచి టవేరా వరకు

కార్ల రంగంలోనూ ఇటువంటి పాఠాలకు కొదవ లేదు. టాటా నానో 2009లో మార్కెట్లోకి వచ్చాక కొన్ని కార్లకు నిప్పంటుకున్న ఘటనలు కలకలం రేపాయి. 2010 నవంబరులో టాటా మోటార్స్ అప్పటికి అమ్ముడైన నానో కార్లకు ఎగ్జాస్ట్, విద్యుత్ వ్యవస్థల్లో అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితంగా అమరుస్తామని ప్రకటించింది. ఇది రీకాల్ కాదని, కారు సురక్షితమైనదేనని నొక్కి చెప్పింది. అంతకు నాలుగు నెలల ముందు, జులైలో, 9,000 నానోలు అమ్ముడయ్యాయి. నవంబరులో అమ్ముడైనవి 509. రుణ సదుపాయాల కొరత, 'చౌక కారు' అన్న ముద్ర వంటివి నానోకు తొలినుంచీ ప్రతికూలంగా ఉన్నాయి. మాట మార్చి చెప్పినంత మాత్రాన కొనుగోలుదారు భయం తగ్గలేదని మాత్రం ఆ అంకె స్పష్టం చేసింది. జరగవలసిన పని జరిగింది. దానికి పెట్టవలసిన పేరు పెట్టకపోవడంతో ఆ పని వల్ల రావలసిన విశ్వాసం రాలేదు.

జనరల్ మోటార్స్ ఇండియా తరహా వేరు. 2013 జులైలో ఆ సంస్థ 1.14 లక్షల షెవర్లె టవేరా వాహనాలకు రీకాల్ ప్రకటించింది. ఉద్గార పరీక్షల విషయంలో సొంత ఉద్యోగులే నిబంధనలు ఉల్లంఘించారని సంస్థ అంతర్గత విచారణలో తేలింది. పలువురు ఉద్యోగాలు కోల్పోయారు. కేంద్రం నియమించిన కమిటీ కూడా సంస్థను తప్పుపట్టింది. టవేరా అంటే తెలుగు రాష్ట్రాల్లో, ఛత్తీస్‌గఢ్‌లో ట్యాక్సీ నడిపేవారికి, పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు బండి కట్టుకునేవారికి చిరపరిచితమైన వాహనం. 2017 చివరికి ఆ సంస్థ భారత్‌లో కార్ల అమ్మకాలే నిలిపివేసింది. అందుకు వ్యాపార కారణాలు అనేకం. బ్రాండ్‌ను నమ్ముకుని బండి కొన్న డ్రైవరుకు మాత్రం మళ్లీ అదే గుర్తు ఉన్న బండి కొనే అవకాశం కూడా మిగలలేదు.

మంచి పేరుకు చెల్లించే మూల్యం

లోపాలు బయటపడినప్పుడు పేరున్న సంస్థకు ఆ పేరే రక్షణ కవచమవుతుందన్నది సాధారణ అభిప్రాయం. అమెరికా కార్ల పరిశ్రమలో 1975 నుంచి 1999 వరకు జరిగిన రీకాల్‌లను పరిశీలించిన మూవెన్ రీ, పమెలా హాన్‌షైల్డ్ 2006లో 'ఆర్గనైజేషన్ సైన్స్' పత్రికలో దీనికి భిన్నమైన ఫలితాన్ని ప్రచురించారు. నాణ్యతకు పేరుపొందిన సంస్థలు రీకాల్ చేసినప్పుడు మార్కెట్లో అవే ఎక్కువ నష్టపోయాయని వారు తేల్చారు. ఆశ ఎంత పెద్దదైతే ఆశాభంగమూ అంత పెద్దదవుతుందన్నమాట. 2009, 2010 సంవత్సరాల్లో అనూహ్య వేగవృద్ధి ఫిర్యాదులపై లక్షలాది కార్లను పిలిపించిన టయోటా ఆ దెబ్బను చవిచూసింది. సంస్థ అధినేత అకియో టయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు హాజరై క్షమాపణ చెప్పవలసి వచ్చింది. భద్రతా సమస్యల గురించి వినియోగదారులను తప్పుదోవ పట్టించిందన్న అభియోగంపై 2014లో 120 కోట్ల డాలర్లు చెల్లించడానికి సంస్థ అంగీకరించింది. ఆ భారీ మొత్తం యంత్ర లోపానికి కాదు, దాన్ని చెప్పిన తీరుకు.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. జనరల్ మోటార్స్ ఇంజిన్ తాళం స్విచ్‌లోని లోపాన్ని ఏళ్ల తరబడి నానబెట్టి 2014లో 26 లక్షల కార్లను పిలిపించింది. ఆ లోపం వల్ల 124 మంది మరణించినట్లు పరిహార నిధి నిర్ధారించింది. అయినా ఆ ఏడాది అమెరికాలో జీఎం అమ్మకాలు తగ్గలేదు. అంతకుముందు ఏడాది కన్నా సుమారు 5 శాతం పెరిగాయి. కొనుగోలుదారుల ఆగ్రహం ఒక్కటే తప్పు చేసిన సంస్థను దారికి తెస్తుందనుకోవడం పొరపాటని దీన్నిబట్టి అర్థమవుతుంది. మార్కెట్ శిక్షించని చోట ఆ బాధ్యత చట్టం తీసుకోవలసి ఉంటుంది.

చట్టం ఎంత దూరం వస్తుంది

సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్ ప్రకారం లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించాలని కేంద్రం తయారీ సంస్థను ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, స్వచ్ఛందంగా ముందుకు రాని సంస్థపై వాహనాల రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల రూపాయల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. యజమానులు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఏర్పాటు, ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరితే విచారణకు అవకాశం ఉన్నాయి.

ఈ ఏర్పాటు సంస్థలను స్వచ్ఛంద రీకాల్ వైపు మళ్లించడానికి ఉపయోగపడుతుంది. దాని పరిమితులు కూడా గమనించదగ్గవే. కోటి రూపాయల జరిమానాను లక్ష కార్లకు పంచితే ఒక్కో కారుకు వచ్చేది 100 రూపాయలు. ఒక భాగాన్ని మార్చి, కూలి భరించడానికి అయ్యే ఖర్చు చాలా సందర్భాల్లో అంతకన్నా ఎక్కువే. లెక్క మాత్రమే చూసుకునే సంస్థకు జరిమానాయే చౌకగా కనిపించే ప్రమాదం ఉంది. రెండోది, ఈ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తాయి. ప్రపంచంలోనే అతి పెద్ద రీకాల్‌కు కారణమైన తకాటా ఎయిర్‌బ్యాగ్‌ల లోపం వయసుతోపాటు పెరిగేది. వాటిని విచ్చుకునేలా చేసే రసాయనం ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే చెడిపోయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలను విసిరేది. విశాఖపట్నం, విజయవాడ వంటి ఉక్కపోత ప్రాంతాల్లో తిరిగే పదేళ్ల కారుకు ఏడేళ్ల గడువు ఏ రక్షణ ఇవ్వగలదన్నది ఆలోచించవలసిన విషయం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మరో దారి చూపుతుంది. ఉత్పత్తి లోపం వల్ల కలిగిన హానికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం అందులో ఉంది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోవాలని ఆదేశించే అధికారం సీసీపీఏకు ఉంది. వస్తువు ఎక్కడ కొన్నా, తాను నివసించే చోటే వినియోగదారు ఫిర్యాదు చేయవచ్చు. విజయవాడలో కొన్న కారుపై రాయ్‌పూర్‌లో నివసించే వ్యక్తి రాయ్‌పూర్‌లోని కమిషన్‌నే ఆశ్రయించవచ్చన్నమాట. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోని హ్యుందాయ్ క్రెటా కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న తీర్పునిస్తూ, కారు మార్చి ఇచ్చి పరిహారం చెల్లించాలన్న ఆదేశాన్ని సమర్థించింది. ఢీకొన్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా కొనుగోలుదారు ఉండాలని ఆశించలేమని అభిప్రాయపడింది. ఈ రక్షణలన్నీ హాని జరిగాక ఉపయోగపడేవి. హాని జరగకుండా ఆపవలసింది రీకాల్ కబురు.

నంబర్ ప్లేటు మారితే

ఆ కబురు ఎక్కడ తెగిపోతుందో తెలుసుకోవడానికి ఒక కారు ప్రయాణాన్ని ఊహించి చూడవచ్చు. పెనుకొండలో తయారైన కారును విజయవాడలో ఒక కుటుంబం కొన్నది. దానికి ఏపీ 39 వరసలో నంబరు వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆ కుటుంబం దాన్ని అమ్మింది. ఒకరిద్దరు మధ్యవర్తుల చేతుల మీదుగా అది రాయ్‌పూర్ చేరింది. పండ్రి వస్త్ర మార్కెట్‌కు సమీపంలోని దేవేంద్ర నగర్‌లో నివసించే మరో కుటుంబం దాన్ని కొన్నది. వాహనం ఏడాదికి మించి వేరే రాష్ట్రంలో ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలని చట్టం చెబుతుంది కనుక, ఏపీ 39 స్థానంలో సీజీ 04 వచ్చింది. కొత్త యజమాని అధీకృత సర్వీస్ సెంటర్‌కు బదులు ఇంటి దగ్గరి మెకానిక్‌ను నమ్ముకున్నాడు.

ఇప్పుడు సంస్థ ఆ కారుకు రీకాల్ ప్రకటించిందనుకుందాం. సందేశం విజయవాడలోని పాత ఫోన్ నంబరుకు వెళ్తుంది. కారు తనది కాదు కనుక తొలి యజమాని దాన్ని పట్టించుకోడు. ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో వచ్చిన వార్త రాయ్‌పూర్ యజమాని కంటపడకపోవచ్చు. నిజామాబాద్‌లో ప్రస్తావనకు వచ్చిన 'రికార్డుల్లో లేని యజమాని' ఇతనే. జాతీయ రహదారి 30 ఛత్తీస్‌గఢ్‌ను విజయవాడ పరిసరాలతో కలుపుతోంది. 464 కిలోమీటర్ల రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు వరసల రహదారి ప్రాజెక్టు ఆ రాకపోకలను మరింత పెంచుతుంది. ఉక్కు కర్మాగారాలు, రైల్వే ఉద్యోగాల మూలంగా భిలాయ్, రాయ్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూళ్ల నుంచి వాహనం తెచ్చుకోవడం కొత్త కాదు. మనుషులతోపాటు వాహనాలూ రాష్ట్రాలు దాటుతున్నాయి. రీకాల్ కబురు మాత్రం పాత చిరునామా దగ్గరే ఆగిపోతోంది.

నంబర్ ప్లేటు మారినా మారనిది ఒకటుంది. అది 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరు. ఆర్‌సీలో, ఇన్సూరెన్స్ పాలసీలో అదే నంబరు ఉంటుంది. రీకాల్ జాబితాను తయారీ సంస్థ రూపొందించేదీ ఆ నంబర్ల ఆధారంగానే. తెగిన తీగను కలపడానికి కావలసిన కొస అక్కడే ఉంది.

చేయవలసిన పనులు

అమెరికాలో రీకాల్ నిర్ణయాన్ని ప్రభుత్వ సంస్థకు తెలిపిన 60 రోజుల్లోగా యజమానులకు లేఖలు పంపాలి. ఎన్ని వాహనాలకు మరమ్మతు పూర్తయిందో మూడు నెలలకోసారి నివేదించాలి. చాసిస్ నంబరు కొట్టి ఎవరైనా తమ కారుకు పెండింగ్ రీకాల్ ఉందేమో చూసుకునే సదుపాయం అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో 2014 నుంచి ఉంది. మరమ్మతు చేయించని రీకాల్ కార్లను పెద్ద అద్దె సంస్థలు అద్దెకు ఇవ్వకుండా 2016లో చట్టం అడ్డుకట్ట వేసింది. బ్రిటన్‌లో నంబర్ ప్లేటు ఆధారంగా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే రీకాల్ వివరాలు తెలుసుకోవచ్చు.

భారత్‌లో సియామ్ జాబితాను చూస్తే సంస్థ పేరు, మోడల్, పిలిపించిన వాహనాల సంఖ్య కనిపిస్తాయి. వాటిలో ఎన్ని సర్వీస్ సెంటర్‌కు వచ్చాయి, ఎన్ని రాలేదన్న సమాచారం కనిపించదు. పిలిచిన వారి సంఖ్య చెప్పి, వచ్చిన వారి సంఖ్య చెప్పని లెక్క సగం లెక్కే. రీకాల్ ఎంతవరకు పూర్తయిందో మూడు నెలలకోసారి ప్రకటించడం తప్పనిసరి చేస్తే, బాధ్యతగా పనిచేసే సంస్థకూ మొక్కుబడిగా ప్రకటన ఇచ్చి ఊరుకునే సంస్థకూ మధ్య తేడాను కొనుగోలుదారే చూసుకోగలడు. నిజాయితీ గల సంస్థకు దీన్ని మించిన ప్రచారమూ ఉండదు.

మిగిలిన పని ప్రభుత్వ వ్యవస్థల ద్వారా సాగవలసింది. ప్రతి వాహనమూ క్రమం తప్పకుండా దాటే కూడళ్లు మూడున్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పునరుద్ధరణ, యాజమాన్య బదిలీ. ఈ మూడు చోట్లా చాసిస్ నంబరుతో పెండింగ్ రీకాల్‌ను సరిపోల్చి, ప్రస్తుత యజమాని ఫోన్‌కు అతనికి అర్థమయ్యే భాషలో సందేశం పంపితే, దేవేంద్ర నగర్‌లోని రెండో యజమానికీ, నిజామాబాద్‌లోని మూడో యజమానికీ కబురు చేరుతుంది. పాత వాహనాల డీలర్లు అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అమ్మే ముందు రీకాల్ మరమ్మతు పూర్తి చేయించాలన్న షరతును దానికే జోడించవచ్చు.

ఈలోగా యజమానులు చేయగలిగినది కొంత ఉంది. పాత కారు కొనేవారు ఆర్‌సీతోపాటు చాసిస్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో లేదా అధీకృత సర్వీస్ సెంటర్‌లో సరిచూసుకోవాలి. యాజమాన్యం మారిన సంగతిని, తమ ఫోన్ నంబరును సంస్థకు నమోదు చేయించాలి. రీకాల్ మరమ్మతుకు డబ్బు అడిగితే ఇవ్వనక్కర లేదు. పని పూర్తయ్యాక జాబ్ కార్డు ప్రతిని భద్రపరచుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు స్వీకరిస్తుంది.

కారు కొనేటప్పుడు షోరూమ్‌లో సంస్థ చెప్పే మాటలన్నీ అమ్మకం కోసమే. అమ్మిన తర్వాత, లాభం లేకపోయినా, తన తప్పు తానే ఒప్పుకుంటూ సంస్థ యజమానితో మాట్లాడే సందర్భం రీకాల్ ఒక్కటే. ఆ మాట సకాలంలో, సూటిగా, ప్రస్తుతం స్టీరింగ్ పట్టుకున్న మనిషికి వినబడితే లోపమున్న కారు కూడా నమ్మకాన్ని పెంచగలదు. పెనుకొండ కార్ల అనుభవం అందుకు అవకాశం ఉందని చూపింది. ఆ మాట చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి నిజామాబాద్‌లో పోయిన ప్రాణం చాలు.